సూర్యుడి మీద లక్షల గ్రాన్యూల్స్, ముసలి నక్షత్రం మీద కొన్నే ఎందుకు?

నర్సంపేట_టీచర్ | ఫిబ్రవరి 8, ఉదయం 7:20

అందరికీ నమస్కారం. నర్సంపేట దగ్గర హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. నిన్న రాత్రి తొమ్మిదో తరగతి పిల్లలను, వాళ్ళ ఇంట్లోవాళ్ళను కూడా పిలుచుకుని పాఖాల చెరువు కట్ట మీదికి వెళ్ళాం. చంద్రుడు ఇంకా లేవలేదు, ఆకాశం బాగా నల్లగా ఉంది. ఆర్ద్రను (బెటెల్‌గ్యూస్) చూపించి, సూర్యుడి ఉపరితలం పొయ్యి మీద ఎసరులా ఉంటుందని, అందులో బుడగలా పొంగే ఒక్కో వేడి గ్యాస్ కణం, అంటే గ్రాన్యూల్, దాదాపు వెయ్యి కిలోమీటర్ల వెడల్పు ఉంటుందని, పుట్టి ఎనిమిది పది నిమిషాల్లో పోతుందని చెప్పాను. ఒకే సమయంలో సూర్యుడి మీద అలాంటివి సుమారు 40 లక్షలు ఉంటాయి. ఆర్ద్రలాంటి ఉబ్బిన ఎర్ర నక్షత్రం మీద మాత్రం చాలా కొద్ది, చాలా పెద్దవి ఉంటాయని కూడా చెప్పాను.

ఒక అమ్మాయి వెంటనే అడిగింది: "సార్, పెద్ద గిన్నెలో ఎక్కువ బుడగలు రావాలి కదా? అంత పెద్ద నక్షత్రం మీద తక్కువ ఎందుకుంటాయి?"

చాలా మంచి ప్రశ్న. సోమవారం చెబుతానన్నాను. పుస్తకంలో వాక్యం చదివి వినిపిస్తే ఆ పిల్ల ఊరుకోదు, నాకూ సరిపోదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కాజీపేట_జంక్షన్ | ఫిబ్రవరి 8, ఉదయం 8:05

సార్, మీ ప్రశ్నకు సమాధానం నాకు తెలియదు కానీ ఆర్ద్ర పేరు వినగానే ఒకటి చెప్పాలనిపించింది. 2020 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్ళాం. మాఘ పౌర్ణమి ముందు రోజులు, వెన్నెల బాగా ఉంది. తాడ్వాయి అడవి దగ్గర బండి ఆపినప్పుడు పైకి చూస్తే ఆర్ద్ర నాకు తెలిసిన ఆర్ద్రలా లేదు. ఓరియన్‌లో రెండో భుజం బెల్లాట్రిక్స్. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఆర్ద్ర ముందు అది ఎప్పుడూ వెలవెలబోయేది. ఆ రాత్రి రెండూ ఒకేలా ఉన్నాయి. రైల్వేలో నలభై ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేసినవాణ్ణి, ఆకాశం నాకు ఇంటి కప్పు లాంటిది. కప్పులో ఒక దూలం వంగినట్టు అనిపించింది. సమ్మక్క గద్దె దగ్గర మొక్కేటప్పుడు కూడా మనసులో అదే ఉంది.

నిట్_హాస్టల్ | ఫిబ్రవరి 8, ఉదయం 10:40

కాకా, మీరు చూసింది నిజమే. మామూలుగా 0.5 దగ్గర ఉండే ఆర్ద్ర ప్రకాశ పరిమాణం ఆ నెలలో 1.6 వరకు వెళ్ళింది (ఈ అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసకబారినట్టు). అంటే వెలుతురు మూడో వంతుకు కొంచెం పైన.

సార్ ప్రశ్నకు వస్తాను. గిన్నె వెడల్పును చూడకండి, "స్కేల్ హైట్" చూడండి. పైకి పోతున్నకొద్దీ గ్యాస్ పీడనం తగ్గుతుంది కదా. ఎంత ఎత్తు ఎక్కితే పీడనం 2.7 రెట్లు తగ్గుతుందో ఆ ఎత్తే స్కేల్ హైట్. గ్యాస్ వేడిగా ఉంటే అది పెరుగుతుంది, గురుత్వం ఎక్కువగా ఉంటే తగ్గుతుంది. సూర్యుడి ఉపరితలం దగ్గర గురుత్వ త్వరణం 274 మీ/సె², ఉష్ణోగ్రత 5,770 కెల్విన్. లెక్క వేస్తే స్కేల్ హైట్ సుమారు 140 కి.మీ. వస్తుంది. గ్రాన్యూల్ వెడల్పు దానికి ఏడు రెట్లు.

ఇప్పుడు పై-1 గ్రూయిస్ అనే నక్షత్రం తీసుకుందాం. ఇది దక్షిణాకాశంలో కొంగ మండలంలో, 530 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మన వరంగల్ నుంచి 26 డిగ్రీల ఎత్తు కూడా దాటదు. ద్రవ్యరాశి సూర్యుడికి ఒకటిన్నర రెట్లే, వ్యాసార్థం మాత్రం 350 రెట్లు. అంత ఉబ్బిపోయింది కాబట్టి ఉపరితలంలో గురుత్వం సూర్యుడి దానిలో 80 వేల వంతుకు పడిపోతుంది. ఉష్ణోగ్రత 3,200 కెల్విన్. స్కేల్ హైట్ దాదాపు 63 లక్షల కి.మీ., ఏడుతో గుణిస్తే గ్రాన్యూల్ వెడల్పు నాలుగున్నర కోట్ల కి.మీ.

అంటే సార్, నక్షత్రం 350 రెట్లు పెరిగితే గ్రాన్యూల్ 45 వేల రెట్లు పెరిగింది. గిన్నె పెరిగినదానికన్నా బుడగ ఎక్కువ పెరిగింది. అందుకే తక్కువ పడతాయి.

నర్సంపేట_టీచర్ | ఫిబ్రవరి 8, ఉదయం 11:15

తమ్ముడూ, చాలా సంతోషం. ఈ చివరి వాక్యం బోర్డు మీద రాస్తాను. కానీ బుడగ వెడల్పు స్కేల్ హైట్‌ను ఎందుకు పట్టుకుని ఉండాలి? ఆ ఏడు రెట్లు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ అమ్మాయి తర్వాత అడిగేది అదే.

రామగుండం_బాయిలర్ | ఫిబ్రవరి 8, మధ్యాహ్నం 1:30

నేను రామగుండంలో థర్మల్ ప్లాంటులో పనిచేస్తాను, ఇరవై రెండేళ్ళు బాయిలర్ వైపే. నక్షత్రాల గురించి చదివింది తక్కువ. కానీ వేడికి నీళ్ళు ఎలా తిరుగుతాయో రోజూ చూస్తాను. మీరంతా పైకి లేచే బుడగ గురించే మాట్లాడుతున్నారు. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళు కూడా అలాగే రైజర్ ట్యూబులనే చూస్తారు. నేను వాళ్ళకు డౌన్‌కమర్ చూపిస్తాను. పైన డ్రమ్ములో నుంచి బరువైన నీళ్ళు ఆ లావుపాటి పైపులో కిందికి దిగకపోతే, రైజర్‌లో ఏదీ పైకి లేవదు. దిగే వైపు బరువు, ఎక్కే వైపు తేలిక, ఈ రెండింటి తేడానే బాయిలర్‌ను నడుపుతుంది. పంపు అక్కర్లేదు.

నక్షత్రంలో దిగేది ఏది? ఎక్కడ దిగుతుంది? అది తెలిస్తే వెడల్పు సంగతి కూడా తెలుస్తుందనుకుంటాను.

హన్మకొండ_అక్క | ఫిబ్రవరి 8, సాయంత్రం 6:50

రామగుండం అన్నా, మీరు సరిగ్గా అసలు చోట వేలు పెట్టారు. నేను పీహెచ్‌డీ చేసింది రెడ్ జెయింట్ల, అంటే ముసలితనంలో ఉబ్బిన ఎర్ర నక్షత్రాల, పై పొరల మీదే, ఇప్పుడు హన్మకొండలోనే ఉంటున్నాను. ఈ విషయం చాలామందికి తలకిందులుగా అర్థమవుతుంది కాబట్టి కాస్త పొడవుగా రాస్తాను.

ఎసరు పోలిక ఒక మేరకే పనికొస్తుంది. ఎసరు కింద మంట ఉంది, అడుగున బుడగ పుడుతుంది. సూర్యుడి బయటి పొరలో కథ పై నుంచి మొదలవుతుంది. సార్, మీరు నిన్న కూర్చున్న పాఖాల చెరువునే తీసుకోండి. చలికాలం రాత్రి ఆకాశం మబ్బు లేకుండా ఉంటే నీటి పైపొర వేడిని పోగొట్టుకుని చల్లబడుతుంది, బరువెక్కుతుంది, సన్నని ధారలుగా కిందికి జారుతుంది. దాని చోటు నింపడానికి కింది గోరువెచ్చని నీరు నెమ్మదిగా, వెడల్పుగా పైకి వస్తుంది. చెరువు అడుగున పొయ్యి లేదు. అయినా నీళ్ళు తిరుగుతాయి. నక్షత్రం పై పొర ఈ చెరువుకే దగ్గర.

సూర్యుడిలో కేంద్రం నుంచి 71 శాతం దూరం దాకా వేడి వెలుతురు రూపంలోనే బయటికి వస్తుంది. అక్కడి నుంచి పైకి గ్యాస్ అపారదర్శకత పెరిగిపోతుంది, వెలుతురు దారి దొరకక గ్యాసే వేడిని మోస్తూ కదలాలి. దీన్నే సంవహనం అంటారు. ఇది ఎప్పుడు జరుగుతుందో చెప్పే సూత్రాన్ని కార్ల్ ష్వార్ట్స్‌షీల్డ్ 1906లో ఇచ్చాడు. ఒక గ్యాస్ ముద్దను కాస్త పైకి నెట్టండి. అది వ్యాకోచించి చల్లబడుతుంది. చల్లబడ్డాక కూడా చుట్టుపక్కల గ్యాస్ కన్నా వేడిగానే ఉంటే అది ఆగదు, ఇంకా పైకి పోతుంది. అంతే సూత్రం. ఇందులో హైడ్రోజన్ పాత్ర పెద్దది. ఉపరితలం కింద హైడ్రోజన్ ఎలక్ట్రాన్లను పోగొట్టుకున్న స్థితిలో ఉంటుంది, పైకి వచ్చేకొద్దీ వాటిని తిరిగి పట్టుకుంటుంది. ఏ ఉష్ణోగ్రతలో, ఏ పీడనంలో ఎంత శాతం అయనీకరణం ఉంటుందో లెక్కించే సమీకరణం మన మేఘనాద్ సాహా 1920లో రాసిందే. పట్టుకున్నప్పుడు ఒక్కో పరమాణువు 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని వదులుతుంది. ఆ వేడి పైకి లేచే ముద్దను చల్లబడకుండా కాపాడుతుంది. వానాకాలంలో ఆవిరి నీటిచుక్కగా మారుతూ వదిలే వేడితో మేఘం ఇంకా ఇంకా పైకి ఎలా పొంగుతుందో, ఇదీ అలాగే.

ఆ గ్యాస్ ఉపరితలం చేరగానే ఒక్కసారిగా పారదర్శకం అవుతుంది. కొన్ని పదుల కిలోమీటర్ల మందంలోనే తన వేడిని అంతరిక్షంలోకి వదిలేస్తుంది. చల్లబడి, బరువెక్కి, గ్రాన్యూల్ అంచుల్లో ఇరుకు సందుల్లోంచి వేగంగా కిందికి పడుతుంది. టెలిస్కోపులో గ్రాన్యూల్స్ మధ్య కనిపించే నల్లటి గీతలు అవే. అన్నా, అవే మీ డౌన్‌కమర్లు. స్టైన్, నార్డ్‌లుండ్ అనే శాస్త్రవేత్తల కంప్యూటర్ నమూనాలు ఈ దిగే ధారలే మొత్తం సంవహనాన్ని నడుపుతున్నాయని చూపించాయి. మధ్యలో వెడల్పుగా పైకి వచ్చేది వాటికి బదులుగా వచ్చేదే.

ఇక వెడల్పు. పైకి వచ్చే గ్యాస్ ప్రతి స్కేల్ హైట్‌కూ పలచబడుతుంది. అంత గ్యాస్ పైన పట్టదు కాబట్టి ఎక్కువ భాగం పక్కకు మళ్ళి అంచుల వైపు పరిగెత్తాలి. స్కేల్ హైట్ పెద్దదైతే మళ్ళడానికి నిలువు చోటు ఎక్కువ, కాబట్టి అడ్డంగా ఎక్కువ దూరం పోగలదు. ఒకవేళ గ్రాన్యూల్ మరీ వెడల్పైతే మధ్యలోని గ్యాస్ అంచు దాకా చేరలేదు. మధ్యలో పీడనం పెరిగి కింది నుంచి వచ్చే వేడి గ్యాస్‌ను ఆపేస్తుంది, ఆ చోటు చల్లబడి నల్లబడుతుంది, గ్రాన్యూల్ ముక్కలవుతుంది. సూర్యుడి మీద ఇలా మధ్యలో నల్లబడి విడిపోయే గ్రాన్యూల్స్‌ను నిజంగా చూస్తున్నారు. తమ్ముడు చెప్పిన ఏడు రెట్లు ఈ బేరం తెగిన చోటు.

నిట్_హాస్టల్ | ఫిబ్రవరి 8, రాత్రి 7:40

అక్కా, ఇంత స్పష్టంగా క్లాసులో కూడా వినలేదు. కానీ నా లెక్కలో ఒక తేడా ఉంది. పై-1 గ్రూయిస్‌ను చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ ఇంటర్‌ఫెరోమీటర్‌తో తీసిన చిత్రాలు 2018లో వచ్చాయి. వాటిలో గ్రాన్యూల్ వెడల్పు 12 కోట్ల కి.మీ., అంటే నక్షత్రం వ్యాసంలో 27 శాతం. నాకు వచ్చింది నాలుగున్నర కోట్లు. దాదాపు మూడు రెట్లు తక్కువ. ఎక్కడ పొరపాటు?

హన్మకొండ_అక్క | ఫిబ్రవరి 8, రాత్రి 8:25

నీ లెక్కలో పొరపాటు లేదు, సూర్యుడి నిష్పత్తిని అంత దూరం లాగడంలో ఉంది. రెడ్ జెయింట్ పైపొరలో గ్యాస్ ధ్వని వేగానికి దగ్గరగా కొట్టుకుంటుంది, ఆ అల్లకల్లోలమే అదనపు పీడనంలా పనిచేసి పొరను ఇంకా ఉబ్బిస్తుంది. అసలు స్కేల్ హైట్ నీవు వేసినదాని కన్నా ఎక్కువ. రెండోది, ఆ పరికరం చిన్న వాటిని విడదీసి చూడలేదు. నమూనాల్లో లోతు నుంచి వచ్చే పెద్ద కణాల మీద చిన్నవి, త్వరగా పోయేవి కూడా కనిపిస్తాయి. 530 కాంతి సంవత్సరాల దూరం నుంచి పెద్దవే మన కంటికి అందాయి.

నాకు ఎప్పుడూ నచ్చే సంగతి ఒకటి చెబుతాను. ఇలాంటి నక్షత్రాల మీద కొద్దిపాటి రాక్షస కణాలే ఉంటాయని 1975లో ముందే రాసింది మార్టిన్ ష్వార్ట్స్‌షీల్డ్. 1906 సూత్రం ఇచ్చిన కార్ల్ కొడుకే ఆయన. కార్ల్ 1916లో పోయినప్పుడు మార్టిన్‌కు నాలుగేళ్ళు కూడా నిండలేదు. తండ్రి సూత్రంతో మొదలైన దారిలో కొడుకు నడిచి చెప్పిన మాట, నలభై మూడేళ్ళ తర్వాత ఫొటోగా వచ్చింది.

తాడ్వాయి_చీకటి | ఫిబ్రవరి 8, రాత్రి 9:10

ఆర్ డొరాడస్ అనే ముసలి నక్షత్రాన్ని మరిచిపోకండి. 180 కాంతి సంవత్సరాల దూరం, ద్రవ్యరాశి దాదాపు సూర్యుడంతే. 2023 జూలై, ఆగస్టుల్లో ఆల్మా రేడియో టెలిస్కోపులతో వరుసగా చూశారు, 2024లో ఫలితం వచ్చింది. సూర్యుడికి 75 రెట్లు పెద్దవైన గ్యాస్ బుడగలు ఉపరితలం మీద నెల రోజుల లెక్కన మారిపోతున్నాయి. సూర్యుడు తప్ప వేరే నక్షత్రం మీద సంవహనం కదులుతుంటే ఇంత వివరంగా చూడటం అదే మొదలు. అనుకున్నదానికన్నా వేగంగా కదులుతున్నాయి, ఎందుకో ఇంకా తేలలేదు. మన దగ్గర అది దక్షిణ దిక్కున పది డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఏటూరునాగారం వైపు చెట్లు లేని చోటు దొరికితే బైనాక్యులర్‌తో ప్రయత్నిస్తాను.

కాజీపేట_జంక్షన్ | ఫిబ్రవరి 8, రాత్రి 9:30

అమ్మా, మరి నేను 2020లో చూసింది ఈ సంవహనమేనా?

హన్మకొండ_అక్క | ఫిబ్రవరి 8, రాత్రి 9:55

చాలావరకు అవును బాబాయ్. 2019లో ఆర్ద్ర మీద ఒక పెద్ద కణం పైకి వచ్చి భారీగా గ్యాస్‌ను బయటికి తోసిందని ఇప్పటి అవగాహన. హబుల్ టెలిస్కోప్ ఆ శరత్కాలంలోనే వేడి గ్యాస్ బయటికి వెళ్ళడం చూసింది. గ్యాస్ పోయిన చోట ఉపరితలం కాస్త చల్లబడింది, బయటికి పోయిన గ్యాస్ చల్లబడి ధూళిగా గట్టిపడి మన వైపు అడ్డం వచ్చింది. చిలీ నుంచి తీసిన చిత్రాల్లో దక్షిణ భాగమే మసకబారి కనిపించింది. సూర్యుడి మీద ఒక గ్రాన్యూల్ చల్లబడితే 40 లక్షల్లో ఒకటి, ఎవరికీ తెలియదు. కొన్నే ఉన్న చోట ఒకటి మారితే తాడ్వాయిలో నిలబడ్డ మనిషికి తెలుస్తుంది. దీనికి తోడు ఆర్ద్ర సుమారు 400 రోజులకోసారి ఉబ్బి కుంచించుకుంటుంది, ఆ రెండూ కలిసినప్పుడు తగ్గుదల ఇంకా లోతవుతుంది.

జగిత్యాల_రైతుబిడ్డ | ఫిబ్రవరి 8, రాత్రి 10:20

ఇవన్నీ చదువుతుంటే మా నాయన కార్తెలు లెక్కపెట్టడం గుర్తొస్తోంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయి, ఆరుద్రలో ఎర్ర పురుగు బయటికి వస్తుంది. ఆ కార్తెలో సూర్యుడే ఆ నక్షత్రం దగ్గర ఉంటాడు కాబట్టి ఆ రోజుల్లో అది రాత్రి కనిపించదని నాకు చాలా ఏళ్ళు తెలియదు.

నా ప్రశ్న: నక్షత్రం ముసలిదయ్యేకొద్దీ ఈ తిరిగే పొర లోతుకు పోతుందని చదివాను. లోపలి సరుకు పైకి వస్తుందా?

హన్మకొండ_అక్క | ఫిబ్రవరి 8, రాత్రి 11:05

వస్తుంది. దీన్ని డ్రెడ్జ్-అప్ అంటారు, అంటే పూడికతీత. మిషన్ కాకతీయలో చెరువు అడుగు మట్టి తవ్వి పొలాల్లో చల్లారు కదా, అదే పని.

ఇప్పుడు సూర్యుడి సంవహన పొరలో ఉన్నది మొత్తం ద్రవ్యరాశిలో 2 శాతమే. సుమారు 500 కోట్ల ఏళ్ళ తర్వాత కేంద్రంలో హైడ్రోజన్ అయిపోతుంది. కేంద్రం కుంచించుకుంటుంది, బయటి భాగం ఉబ్బి చల్లబడుతుంది. చల్లబడితే అపారదర్శకత పెరుగుతుంది, వెలుతురుకు దారి ఇంకా మూసుకుంటుంది, తిరిగే పొర లోతుకు దిగుతూ సగానికి పైగా ద్రవ్యరాశిని తనలో కలిపేసుకుంటుంది. ఒకప్పుడు అణుచర్యలు జరిగిన చోటు దాకా వెళ్ళి అక్కడి బూడిదను పైకి తెస్తుంది.

దానికి సాక్ష్యం కార్బన్. సూర్యుడిలో కార్బన్-13 ఒక పరమాణువుకు కార్బన్-12 దాదాపు 89 ఉంటాయి. మొదటి పూడికతీత తర్వాత లెక్క ప్రకారం అది 20 నుంచి 30కి పడాలి. కానీ స్వాతి నక్షత్రంలో 7 దగ్గరే ఉంది. అంటే సంవహనం ఆగిన చోటు కింద ఇంకేదో నెమ్మదిగా కలుపుతోంది. నా పీహెచ్‌డీ గైడు ఈ అంకె బోర్డు మీద రాసి, చెరిపే ముందు చాలాసేపు చూస్తూ నిలబడేవారు.

ఇంకా ముసలి దశలో మరోసారి పూడిక తీస్తుంది. 1952లో పాల్ మెరిల్ కొన్ని ఎస్-రకం ఎర్ర నక్షత్రాల వర్ణపటంలో టెక్నీషియం అనే రేడియోధార్మిక మూలకం గీతలు చూశాడు. దాని ఐసోటోపుల్లో ఎక్కువ కాలం బతికేదానికీ అర్ధాయువు 42 లక్షల ఏళ్ళే. నక్షత్రం వయసు ఎన్నో కోట్ల ఏళ్ళు. పుట్టుకతో వచ్చిందైతే ఎప్పుడో పోయేది. కాబట్టి అది ఆ నక్షత్రం లోపలే ఈమధ్య తయారై పైకి వచ్చింది. మూలకాలు నక్షత్రాల్లో వండబడతాయనడానికి అంతకన్నా నేరుగా సాక్ష్యం నాకు కనిపించదు. మన పై-1 గ్రూయిస్ కూడా ఎస్-రకమే.

లిథియం మాత్రం తికమక పెడుతుంది. అది 25 లక్షల కెల్విన్ దగ్గరే కాలిపోతుంది, పూడికతీతలో పలచబడాలి. కానీ 2020లో బెంగళూరు భారత ఖగోళ భౌతిక సంస్థ పరిశోధకులు వేల నక్షత్రాల కొలతలు చూసి, సూర్యుడిలాంటివి రెడ్ జెయింట్ దశ శిఖరం దాటి హీలియం మండించే దశకు వచ్చేసరికి లిథియం మళ్ళీ పెరుగుతోందని చెప్పారు. ఎక్కడ తయారవుతోంది, ఎలా పైకి వస్తోంది అన్నది ఇప్పుడు గట్టిగా సాగుతున్న చర్చ.

నిట్_హాస్టల్ | ఫిబ్రవరి 9, అర్ధరాత్రి 12:30

మెసా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో లాప్‌టాప్‌లో సూర్యుడంత నక్షత్రాన్ని ముసలిదాన్ని చేస్తున్నాను. అందులో ఆల్ఫా అని ఒక సంఖ్య ఇవ్వాలి. గ్యాస్ ముద్ద ఎన్ని స్కేల్ హైట్ల దూరం పోయి కరిగిపోతుంది అన్నది. తగ్గించగానే ఉష్ణోగ్రత-వెలుగు పటంలో రెడ్ జెయింట్ గీత మొత్తం చల్లని వైపు జరిగింది, వ్యాసార్థం పెరిగింది. ఇంత పెద్ద విషయం ఒక్క సంఖ్య మీద ఆధారపడటం నాకు ఇబ్బందిగా ఉంది. టెన్షన్‌గా కూడా ఉంది, నా ప్రాజెక్టు ఫలితం ఏది నమ్మాలో తెలియడం లేదు.

హన్మకొండ_అక్క | ఫిబ్రవరి 9, ఉదయం 6:10

ఆ ఇబ్బంది న్యాయమైనది. ఎరికా బోమ్-విటెన్సే 1958లో ఆ పద్ధతికి ఇప్పటి రూపం ఇచ్చారు. అది లేకపోతే నక్షత్రాల జీవిత కథ లెక్కించడమే కుదిరేది కాదు. కానీ ఆల్ఫా ప్రకృతి ఇచ్చిన సంఖ్య కాదు, సూర్యుడి వ్యాసార్థం సరిపోయేలా మనం సరిచేసుకున్నది. సూర్యుడికి సరిపోయింది రెడ్ జెయింట్‌కు సరిపోవాలని ఎవరూ హామీ ఇవ్వలేదు. ప్రాజెక్టులో మూడు ఆల్ఫాలతో మూడు గీతలూ వేసి చూపించు. ఆ మూడింటి మధ్య ఎడమే నీ ఫలితం, దాన్ని దాచకు.

రామగుండం_బాయిలర్ | ఫిబ్రవరి 9, ఉదయం 6:40

మా దగ్గరా అంతే తమ్ముడూ. ఒక యూనిట్‌కు కుదిరిన గుణకం పక్క యూనిట్‌కు పెడితే ఊరుకోం, మళ్ళీ కొలుస్తాం.

నర్సంపేట_టీచర్ | ఫిబ్రవరి 9, రాత్రి 9:20

ఈరోజు క్లాసులో చెప్పాను. ఎసరు గిన్నె బదులు పాఖాల చెరువు గీశాను, పై నుంచి కిందికి సన్నని బాణాలు, మధ్యలో వెడల్పుగా పైకి బాణాలు. తర్వాత 350, 45 వేలు రాశాను. ప్రశ్న అడిగిన అమ్మాయి కాసేపు చూసి, "అయితే సార్, సూర్యుడు ముసలివాడయ్యేటప్పుడు గ్రాన్యూల్స్ ఒక్కొక్కటిగా తగ్గుకుంటూ వస్తాయా?" అంది. అవునమ్మా, ఉబ్బేకొద్దీ తగ్గుతూ వస్తాయి అన్నాను. కోట్ల ఏళ్ళ పాటు జరిగే ఆ తగ్గుదలను తన నోట్‌బుక్‌లో నాలుగు వృత్తాలుగా వేసుకుంది. మొదటి దాంట్లో చుక్కలు, చివరి దాంట్లో ఐదారు మచ్చలు.

ఈ రాత్రి నుంచి పిల్లలు వంతులవారీగా ఆర్ద్ర వెలుగు రాస్తారు. ప్రోసియాన్ కన్నా కాస్త మసక, రోహిణి కన్నా కాస్త వెలుగు. 0.6 అని మొదటి వరుసలో రాసుకున్నాం. కాజీపేట పెద్దాయన, మీరు కూడా మీ డాబా మీద నుంచి చూసి అంకె పెట్టండి, పక్క గడి ఖాళీగా ఉంచాం.

కాజీపేట_జంక్షన్ | ఫిబ్రవరి 9, రాత్రి 9:50

చూశాను సార్. నాకూ రోహిణి కన్నా వెలుగే. 0.6 వేసుకోండి.